పద్దుకెక్కని బాకీ: ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’లో డబ్బు, రక్తసంబంధం

ఇంటి సామాను వేలానికి సిద్ధంగా ఉంది. ఇంటి యజమాని మేడమీద మంచంలో ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాడు. అప్పులవాళ్లకు ఒక్కో పౌనూ లెక్క చెప్పాల్సిన ఆ సమయంలో ఆయన కొడుకు, 16 ఏళ్ల టామ్ టలివర్, తండ్రి గదిలోని ఓకు చెక్కపెట్టె తెరిచి 300 పౌన్ల ప్రోనోటు ఒకటి వెతుకుతాడు. వసూలు చేయడానికి మాత్రం కాదు. ఆ నోటు రాసిచ్చింది మేనత్త భర్త మాస్. దాన్ని ఎప్పటికీ అడగకూడదని తండ్రి అనడం టామ్ స్వయంగా విన్నాడు. దివాలా వ్యవహారం చూసేవాళ్ల చేతికి ఆ కాగితం చిక్కితే మేనత్త సంసారం కూడా వీధిన పడుతుంది. అందుకని ముందే దాన్ని లేకుండా చేయాలన్నది కుర్రవాడి పట్టుదల. పైసా పైసా లెక్క చూసే గ్లెగ్ పెదనాన్న, అంటే టామ్ తల్లి అక్క భర్త కూడా కాసేపు తటపటాయించి ఒప్పుకుంటాడు.

ఇంగ్లిష్ రచయిత్రి జార్జ్ ఎలియట్ 1860లో ప్రచురించిన ‘ది మిల్ ఆన్ ది ఫ్లాస్’లో మెలోడ్రామా ఏమీ లేని ఈ చిన్న ఘట్టాన్ని చాలామంది పాఠకులు చకచకా దాటేస్తారు. కానీ నవల ఆర్థికం మొత్తం ఇక్కడే ముడిపడి ఉంది. తండ్రి ఆస్తి అంతా అమ్మాక అప్పులవాళ్లకు పౌనుకు పదో పన్నెండో షిల్లింగులు ముడతాయి. పౌనంటే ఇరవై షిల్లింగులు కాబట్టి సగం, సగానికి కొంచెం పైన. మిగిలిన బాకీ సుమారు 500 పౌన్లు. దాన్ని తీర్చడానికే తండ్రీకొడుకులు ఏళ్ల తరబడి కడుపు కట్టుకుంటారు. ఆ ఐదువందల పక్కన మేనత్త నోటు మూడువందలు పెట్టి చూస్తే టామ్ ఏం చేశాడో తెలుస్తుంది. మాస్ దగ్గర ఆ సొమ్ము ఎలాగూ లేదు, వసూలు చేయాలంటే అతని గొడ్డూ గోదా అమ్మించాలి. అయినా కాగితం ప్రకారం అది అప్పులవాళ్లకు చెందాల్సిన ఆస్తి. రక్తసంబంధం కోసం వాళ్ల వాటా కోసిన కుర్రవాడే తర్వాత తన చెమటతో ఆ కోత పూడుస్తాడు. నీతిగల మనిషి అని ఊరంతా మెచ్చుకునే టామ్ చరిత్ర, చట్టం దృష్టిలో చూస్తే, ఒక చిన్న అక్రమంతో మొదలవుతుంది. బహుశా అతను చేసిన పనులన్నిటిలో మంచిది కూడా అదే.

ఈ కుటుంబం మునిగిన తీరు చూడాలి. టలివర్ పిండిమిల్లు యజమాని. వందేళ్లకు పైగా ఆ మిల్లు వాళ్ల వంశంలోనే ఉంది. ఊరు సెయింట్ ఆగ్స్ కల్పితం. కథకు సరిపోయే నది కోసం వెతికి వెతికి రచయిత్రి ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలోని గెయిన్స్‌బరో దగ్గర ట్రెంట్ నదిని నమూనాగా ఎంచుకుంది. కథాకాలం 1830ల చుట్టుపక్కల. పైకి చూస్తే టలివర్ ఆస్తిపరుడే. కానీ మిల్లు మీద, భూమి మీద 2,000 పౌన్ల తనఖా ఉంది. దాని మూలం కూడా కుటుంబమే: చెల్లెలు గ్రిట్టీ పెళ్లికి ఆమె వాటా సొమ్ము ఇవ్వాల్సి రావడం. ఆడపిల్లలు పుట్టడమే తనఖాలు పెట్టించడానికి పుట్టినట్టు ఆయనకు తోస్తుందని రచయిత్రి కొంటెగా అంటుంది. ఆ పిల్ల పోయి పోయి పేద కౌలు రైతు మాస్‌ను చేసుకుని ఎనిమిదిమంది పిల్లల తల్లయింది. ఆ కుటుంబానికి ఇచ్చిన 300 ఒకటి. రైలీ అనే స్నేహితుడికి పూచీ పడితే అతను హఠాత్తుగా చచ్చిపోయి 250 పౌన్లు ఈయన నెత్తిన పడ్డాయి. భార్య అక్క గ్లెగ్ దగ్గర తెచ్చిన 500 ఉంది. వీటన్నిటి మీదా కోర్టు ఖర్చులు.

ఎగువన పివార్ట్ అనే కొత్త భూస్వామి పొలానికి నీళ్లు మళ్లించుకుంటాడు, తన మిల్లు తిరిగే నీళ్లు తగ్గుతాయని టలివర్ వ్యాజ్యం వేస్తాడు. అవతలి వకీలు వేకెం. నీళ్లు నీళ్లే కదా, ఇందులో న్యాయం ఎవరిదో కళ్లున్నవాడికి కనపడదా అనేది టలివర్ ధీమా. ఓడిపోతాడు. పైగా తన తనఖా కాగితం చేతులు మారి అదే వేకెం దగ్గరికి చేరిందని తెలిసిన రోజున గుర్రం మీద నుంచి పడిపోతాడు.

ఈ జాబితాలో ఒక విషయం గమనించాలి. టలివర్ విలాసాలకు డబ్బు తగలేయలేదు. తాగలేదు, జూదమాడలేదు. కొడుకు తనలా వకీళ్ల ముందు నోరు తెరవలేని వాడు కాకూడదని ఏడాదికి 100 పౌన్లు పోసి స్టెల్లింగ్ అనే పాదిరీ దగ్గర లాటిన్ చెప్పించాడు. ఆ పాదిరీని సిఫారసు చేసింది కూడా రైలీయే, ఏమీ తెలియకుండానే. అప్పుల్లో సగం చెల్లెలి కోసం, స్నేహితుడి కోసం, కొడుకు కోసం చేసినవి. మిగతా సగం పంతం కోసం. ఆయన దగ్గర ఈ రెండూ ఒకే చోటి నుంచి పుడతాయి, అదే చిక్కు.

ఆ చిక్కు బాగా తెలిసేది చెల్లెలి ఊరు బాసెట్‌కు చేసిన ప్రయాణంలో. వదినతో భోజనాల బల్ల దగ్గర మాటా మాటా పెరిగి, ఆమె 500 ఆమె ముఖాన కొట్టాలని టలివర్ పట్టుదలకు పోతాడు. అందుకు డబ్బు కావాలి కాబట్టి బావమరిది మాస్ దగ్గర తన 300 వసూలు చేద్దామని గుర్రమెక్కుతాడు. దారి పొడవునా మనసు రాయి చేసుకుంటూ వెళ్తాడు. బాసెట్ నేల సారం లేనిది, దారి బురద, ఇల్లు చూస్తేనే జాలి. చెల్లెలు ఎదురొచ్చి పలకరిస్తుంది. తన నలుగురు ఆడపిల్లలకూ నలుగురు అన్నదమ్ములు ఉన్నారని, తలా ఒకరున్నారని అంటుంది. అన్నల మీద ఆధారపడి బతక్కూడదు అని ఈయన కటువుగా జవాబిస్తాడు. అప్పు తిరిగివ్వాలని మాస్‌కు తెగేసి చెప్పి వెనక్కి బయల్దేరతాడు. ఊరి పొలిమేర దాటకముందే గుర్రం మందగిస్తుంది. ఆయన కళ్ల ముందుకు వచ్చింది మాస్ కాదు, చెల్లెలు కూడా కాదు, తన కూతురు మ్యాగీ. తాను పోయాక ఆ పిల్లకు టామ్ తప్ప దిక్కు లేదు. తాను గ్రిట్టీతో కఠినంగా ఉంటే రేపు టామ్ మ్యాగీతో అలాగే ఉంటాడేమోనన్న భయం పట్టుకుంటుంది. వెనక్కి తిరిగి వెళ్లి, డబ్బు సంగతి మరిచిపొమ్మని చెల్లెలికి చెప్తాడు.

ఇంత అందమైన ఘట్టానికి ఫలితం ఏమిటంటే, వదినకు ఇవ్వాల్సిన 500 కోసం టలివర్ మరోచోట అప్పు చేస్తాడు. ఇచ్చినవాడు వేకెం కక్షిదారే. చివరికి ఆ అప్పుకు హామీగా ఇంటి సామాను మొత్తం రాసిచ్చేస్తాడు. చెల్లెలి మీద దయ, వదిన మీద కోపం కలిసి భార్య వంటింటిని వేలం వేయించాయి. ఎలియట్ ఈ మాట పైకి చెప్పదు. తారీఖులు, అంకెలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

అన్నిటికన్నా విడ్డూరం, గ్లెగ్ పెద్దమ్మ ఆ అప్పు అసలు వెనక్కి తీసుకోవాలనుకోలేదు. కోపం చల్లారాక ఆ డబ్బు అక్కడే ఉంచితే నయమని భర్త నచ్చజెప్పాడు, ఆమె మెత్తబడింది. వడ్డీ నూటికి ఐదు. అప్పటి ఇంగ్లండ్‌లో వడ్డీకి చట్టం గీసిన గీత అదే. 1714 నుంచి అమల్లో ఉన్న ఆ పరిమితిని 1854లో గానీ ఎత్తివేయలేదు. అంటే చట్టం ఒప్పుకునే గరిష్ఠ లాభం ఇంటి మనిషి దగ్గరే వస్తోంది. దాన్ని ఎవరు వదులుకుంటారు? కానీ మరో వదిన పుల్లెట్‌ను రాయబారం పంపబోతున్నారని తెలిసి టలివర్‌కు రోషం వచ్చింది. మీ డబ్బు మీకు పారేస్తాను అని ఉత్తరం రాసి పడేశాడు.

ఆ గ్లెగ్ పుట్టిల్లు డాడ్సన్ వంశం. నలుగురు అక్కచెల్లెళ్లు: గ్లెగ్, పుల్లెట్, డీన్, టలివర్ భార్య బెస్సీ. రచయిత్రి తన తల్లి తరఫు పియర్సన్ ఆడపడుచులను చూసి వీళ్లను మలిచిందని అంటారు. వెన్న తీయడం దగ్గర నుంచి చావు భోజనంలో మాంసం వడ్డించడం దాకా అన్నిటికీ డాడ్సన్ పద్ధతి ఒకటి ఉంటుంది, మిగతా లోకం చేసేదంతా తప్పు. వీళ్ల మతం గురించి రచయిత్రి ఒక అధ్యాయమే రాసింది. పేరుకు క్రైస్తవం. ఆచరణలో బాప్తిస్మం, చర్చి ఆవరణలో సమాధి, ఎవరికీ బాకీ పడకపోవడం, చచ్చాక వీలునామా తెరిస్తే జనం అనుకున్నదానికన్నా ఎక్కువ ఆస్తి బయటపడటం. ఆ ఆస్తి చుట్టరికం దూరాన్ని బట్టి సరైన వాటాల్లో పంచి ఉండాలి. మేనల్లుడు బుద్ధిమంతుడా కాదా అన్నది వాటాను మార్చదు. టలివర్‌తో మాటలు లేని రోజుల్లో కూడా గ్లెగ్ పెద్దమ్మ వీలునామాలో చెయ్యి పెట్టలేదు.

ఈ డాడ్సన్ అక్కచెల్లెళ్లను చూసి నవ్వుకోవడం సులభం. వేలానికి ముందు వాళ్లు బెస్సీ ఇంట్లో కూర్చున్న సభ ఆంగ్ల నవలా సాహిత్యంలో గొప్ప హాస్య ఘట్టాల్లో ఒకటి, చదువుతుంటే వెన్ను జలదరించేది కూడా. బెస్సీ దుఃఖమంతా దుప్పట్ల మీద, మేజాగుడ్డల మీద, వెండి టీపాత్ర మీద. నార తానే వడికింది, నేతగాడితో నేయించింది, మూలన తన పుట్టింటి పేరు కుట్టుకుంది. అవి సత్రాల వాళ్ల పాలవుతాయని కుమిలిపోతుంది. అక్కలు తమకు నచ్చినవి వేలంలో కొంటామంటారు, అదీ బెస్సీ కోసం కాదు, డాడ్సన్ సొత్తు పరాయివాళ్ల ఇంట ఉండకూడదని. ఇప్పుడు కావాల్సింది పక్కబట్టలు, వంటసామాను మాత్రమే, షోకులు కాదని గ్లెగ్ హితబోధ చేస్తుంది.

అప్పుడు టామ్ లేచి ఒక ప్రతిపాదన పెడతాడు. మీరు వీలునామాలో నాకూ మ్యాగీకీ ఏమైనా రాయదలిస్తే, అది ఇప్పుడే ఇవ్వండి, అమ్మ సామాను నిలుస్తుంది, మీకు పోయే వడ్డీ నేను పనిచేసి ఏటా కడతాను అంటాడు. పదహారేళ్ల వాడి నోట ఇంత తెలివైన మాట విని గ్లెగ్ పెదనాన్న శభాష్ అంటాడు. గ్లెగ్ పెద్దమ్మ ససేమిరా అంటుంది. తాను కూడబెట్టిన డబ్బు అప్పులవాళ్ల జేబులోకి పోవడమా? డాడ్సన్ లెక్కలో చుట్టరికపు డబ్బు రెండు దారుల్లోనే నడవాలి: బతికుండగా వడ్డీకి, చచ్చాక వీలునామా ద్వారా. మధ్యలో దానం అనే దారి లేదు. పదమూడేళ్ల మ్యాగీ అప్పుడు ఉగ్రురాలవుతుంది. సాయం చేయనివాళ్లు అమ్మను సతాయించడానికి ఎందుకొచ్చారు, పొండి అని అరుస్తుంది. పాఠకుడి మనసు ఆమెతోనే అరుస్తుంది. అయినా గ్లెగ్ మాటలో తర్కం ఉంది. అక్కచెల్లెళ్లు ముగ్గురూ తలా వంద ఇచ్చినా మునిగే పడవ మునిగేదే. తర్వాత కొన్నాళ్లకు టామ్ బాబ్ జేకిన్ అనే చిన్ననాటి నేస్తంతో కలిసి సరుకు వ్యాపారంలో దిగినప్పుడు పెట్టుబడికి చెయ్యి అందించింది ఈ గ్లెగ్ దంపతులే. మునిగే పడవకు ఇవ్వని డబ్బు తేలే పడవకు ఇచ్చారు. కరుణకు చోటులేని పద్ధతి, కానీ ఫలితం ఇచ్చిన పద్ధతి.

బెస్సీ మేజాగుడ్డల దగ్గర చట్టం సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఆమె కన్యగా ఉన్నప్పుడు వడికిన నార, ఆమె పేరు కుట్టిన గుడ్డ, ఆమె భర్త కోర్టు వ్యాజ్యానికి జప్తు కావడం ఏ న్యాయం? అప్పటి ఇంగ్లిష్ చట్టం ప్రకారం పెళ్లి కాగానే భార్య చరాస్తి భర్తది అవుతుంది, విడిగా ఒప్పందం రాయించుకుంటే తప్ప. ఆ పరిస్థితి మారడం మొదలైంది 1870లో, గట్టిగా మారింది 1882లో, వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలతో. నవల వచ్చేనాటికి అవేవీ లేవు. కాబట్టి బెస్సీ ఏడుపును బుర్రలేని ఆడమనిషి ఏడుపుగా తీసిపారేసే విమర్శ తొందరపాటు. రచయిత్రి ఆమెను వెక్కిరిస్తుంది, నిజమే. అదే చేత్తో ఆ ఇంట్లో ఒక్క సంతకం కూడా పెట్టకుండా అన్నీ పోగొట్టుకున్న మనిషి ఎవరో చూపిస్తుంది.

బెస్సీ చేసిన ఒకే ఒక్క స్వతంత్ర ప్రయత్నం బెడిసికొడుతుంది. ఎవరికీ చెప్పకుండా వకీలు వేకెం దగ్గరికి వెళ్లి, మా మిల్లు మీరు మాత్రం కొనకండి, మా ఆయన భరించలేడు అని బతిమాలుతుంది. అప్పటిదాకా వేకెం మనసులో ఆ ఊహే లేదు. శత్రువును తన కింద జీతగాడిగా పెట్టుకోవడంలోని రుచి ఆమె చెబితేనే తెలిసింది. కొన్నాడు. తన తాతల మిల్లులో టలివర్ వారానికి 30 షిల్లింగుల జీతానికి కుదిరాడు. ఆనాటి వ్యవసాయ కూలీకి పదీ అటూ ఇటూ వచ్చేది కాబట్టి ఇది అన్యాయమైన జీతమేమీ కాదు. అవమానం అంకెలో లేదు.

ఆ రోజు రాత్రే ఇంటి బైబిల్ తెప్పించి, పుట్టుకలూ చావులూ రాసే పేజీలో టామ్ చేత రాయిస్తాడు: భార్యకిచ్చిన మాట కోసం వేకెం కింద పనిచేస్తాను గాని వాణ్ణి క్షమించను, వాడికి కీడు జరగాలని కోరుకుంటున్నాను అని. టామ్ కూడా ఆ పగ మరువనని రాసి సంతకం పెడతాడు. వద్దని మ్యాగీ మొత్తుకుంటుంది. ఇదీ ఒక ప్రోనోటే. మొదటిది చుట్టరికం కోసం లేకుండా చేశారు, రెండోది చుట్టరికం పేరుతో రాశారు. ఇందులో అసలు ఎంతో, గడువు ఎప్పుడో రాయలేదు.

ఇక్కడి నుంచి టామ్ కథ పొదుపు కథ. లాటిన్, యూక్లిడ్ జ్యామితి తప్ప ఏమీ రాని కుర్రవాడికి, తల్లి తోడబుట్టిన డీన్ భర్త మొదట చురక వేసి, తర్వాత గెస్ట్ కంపెనీ గిడ్డంగిలో చోటిప్పిస్తాడు. సాయంత్రాలు పద్దు పుస్తకాలు రాయడం నేర్చుకుంటాడు. ఇంట్లో రేకు డబ్బాలో నాణేలు చేరుతుంటాయి. తండ్రికి ప్రపంచంలో మిగిలిన ఒకే ఆనందం ఆ డబ్బా. ఒక రాత్రి లెక్కపెడితే 193 పౌన్లు తేలుతుంది. ఇంకా 300 పైచిలుకు కావాలి, అప్పటిదాకా బతుకుతానా అని ముసలాయన నిట్టూరుస్తాడు. ఆ 300 పైచిలుకు బాబ్‌తో చేసిన వ్యాపారంలో సంపాదించి బ్యాంకులో వేశానని టామ్ అప్పుడు చెప్తాడు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది కూడా అతని స్వభావమే: నష్టం వస్తే తానొక్కడే పడాలి, లాభం వస్తే మెప్పూ తానొక్కడే పొందాలి.

గోల్డెన్ లయన్ సత్రంలో అప్పులవాళ్లందరినీ పిలిచి చివరి పెన్నీ దాకా కడతారు. మెడ మీద కూర్చుని అడిగినవాడు లేడు. కట్టకపోయినా లోకం ఏమీ అనేది కాదు. ఇది పరువు కోసం కట్టిన అప్పు, విక్టోరియా కాలపు మధ్యతరగతి దీన్ని మించిన ధర్మం ఎరగదు. ఇక్కడ నవల ముగిస్తే అది టామ్ విజయగాథ అయ్యేది. ఎలియట్ ఆ విజయానికి ఒక పూట కూడా ఆయుష్షు ఇవ్వలేదు. తల ఎత్తుకుని గుర్రం మీద ఇంటికొస్తున్న టలివర్‌కు వేకెం ఎదురవుతాడు. అప్పు తీరింది కదా, ఇక వాడికి లోబడి ఉండక్కర్లేదు. కిందపడ్డ వేకెంను కొరడాతో కొడతాడు, మ్యాగీ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా ఆగడు. ఆ ఉద్వేగానికే మంచం పట్టి మర్నాడు పోతాడు. అప్పు పగకు కళ్లెంలా పనిచేసిందనీ, తీరగానే కళ్లెం ఊడిందనీ చెప్పే ఇలాంటి ఘట్టం రాయడానికి చాలా ధైర్యం కావాలి.

అదే కాలంలో నవలాకారుడు డికెన్స్ అప్పుల గురించి రాస్తే జైలు గోడలు ముందుకొచ్చేవి. 1824లో అతని తండ్రి 40 పౌన్ల చిల్లర అప్పుకు మార్షల్సీ జైలుకు వెళ్లాడు; అక్కడే పుట్టి తండ్రిని పోషించే కూతురి కథే ‘లిటిల్ డోరిట్’. ఎలియట్ నవలలో ఎవరూ జైలుకు పోరు. సొంత ఇంట్లో, సొంత పొయ్యి ముందే అప్పు మనుషులను ఖైదు చేస్తుంది. మ్యాగీ విషయంలో అది అక్షరాలా నిజం.

టామ్ కష్టానికి జీతం ఉంది, డబ్బా ఉంది, ఊరి మెప్పు ఉంది. మ్యాగీ కష్టానికి ఏ పద్దూ లేదు. ఇంటి పుస్తకాలు అమ్ముడుపోతాయి, బడి ఆగిపోతుంది, మాట్లాడని తండ్రికీ ఏడ్చే తల్లికీ మధ్య ఏళ్లు గడుస్తాయి. డబ్బాలో తన వంతు వేయాలని బజారు కొట్టు నుంచి కుట్టుపని అడిగి తెచ్చుకుంటే టామ్ మండిపడతాడు. తన చెల్లెలు అలాంటి పనికి దిగజారకూడదు, అప్పులు తీర్చే సంగతి తాను చూసుకుంటాడు. అంటే ఆమెకు బాధలో వాటా ఉంది, తీర్చడంలో లేదు. తీర్చడంలో వాటా లేనిదానికి తీర్మానాల్లో మాట ఎక్కడిది?

ఆమె నుంచి కుటుంబం అడిగింది డబ్బు కన్నా ఖరీదైనది. వేకెం కొడుకు ఫిలిప్ గూనివాడు, చదువరి, ఆ ఎడారిలో ఆమె మనసు తెలిసిన ఒకే ఒక్కడు. రెడ్ డీప్స్ తోపులో వాళ్లు ఏడాది పాటు రహస్యంగా కలుసుకున్నారని తెలిసి టామ్ మళ్లీ బైబిల్ తెస్తాడు. ఫిలిప్‌ను ఇక చాటుగా కలవనని, మాట్లాడనని దానిమీద చెయ్యి వేసి ఒట్టు పెట్టమంటాడు. లేకపోతే తండ్రికి చెప్తాడు. తండ్రి చేసిన పగ అప్పుకు చెల్లెలు జీవితం వడ్డీగా కట్టడం ఇదే. బాసెట్ దారిలో టలివర్ భయపడ్డది సరిగ్గా ఇదే. గ్రిట్టీ మీద దయ చూపితే టామ్ చూసి నేర్చుకుంటాడని ఆయన ఆశ. టామ్ 300 నోటు విషయంలో నేర్చుకున్నాడు కూడా. కాగితం మీద ఉన్న బాకీ వదిలేయడం అతనికి చేతనైంది. కాగితం మీద లేనిది వదలడం చేతకాలేదు.

తర్వాతి కథ తెలిసిందే. డీన్ కూతురు లూసీని చేసుకోబోయే స్టీఫెన్ గెస్ట్ మ్యాగీకి దగ్గరవుతాడు. పడవ ప్రవాహంతో పాటు పోయి చాలా దూరం వెళ్లిపోతుంది. లూసీకి, ఫిలిప్‌కు ద్రోహం చేయలేనని మ్యాగీ పెళ్లి కాదని ఒంటరిగా వెనక్కి వస్తుంది. అప్పటికి గెస్ట్ కంపెనీ మిల్లు కొని టామ్‌కు అప్పగించింది. వేకెం అమ్మడానికి ఒప్పుకోవడం వెనుక లూసీ పథకం, ఫిలిప్ తండ్రితో పడిన పెనుగులాట ఉన్నాయి. టామ్ ఏ వంశాన్ని పగబట్టాడో ఆ వంశపు కుర్రాడి దయవల్లే తాతల గడప తిరిగి తొక్కాడు. ఆ గడప మీదే నిలబడి, నా ఇంట్లో నీకు చోటు లేదు అని చెల్లెలితో అంటాడు. బుర్రలేనిదని అందరూ అనుకున్న బెస్సీ అప్పుడు కూతురి వెంట బయటికి నడుస్తుంది. పోయిన మేజాగుడ్డలకు ఏళ్ల తరబడి ఏడ్చిన మనిషి, తిరిగొచ్చిన ఇంటిని ఒక్క మాట మీద వదిలేస్తుంది.

ఊరంతా మ్యాగీని వెలివేసినప్పుడు ఆమె వైపు నిలబడిన మరో మనిషి ఎవరో ఊహించడం కష్టం: గ్లెగ్ పెద్దమ్మ. రుజువు లేకుండా సొంత మనిషిని చెడ్డదని ఎలా అంటావని టామ్‌ను దులిపేస్తుంది. తన ఇంటికి వచ్చి ఉండమని మ్యాగీకి కబురు పంపుతుంది. పరువు మిగిలి ఉన్నంతవరకూ చుట్టాన్ని నిలబెట్టడం, ఇక నిలబెట్టలేకపోతే అప్పుడు వీలునామాలో కోత వేయడం ఆమె సూత్రం. మనసు కరిగి చేసిన పని కాదిది. వీలునామాలో వాటాలు ఎలా తప్పవో ఇదీ అలాగే తప్పదు. వేలం రోజున వంద పౌన్లు ఇవ్వని కాఠిన్యమూ, ఈ రోజు తలుపు తీసిన పట్టుదలా ఒకే లెక్కపుస్తకం నుంచి వచ్చాయి. టలివర్ నెత్తుటి వెచ్చదనాన్ని, డాడ్సన్ చల్లదనాన్ని ఎదురెదురు పెట్టి మొదటిది మంచి, రెండోది చెడు అనే చదువు ఇక్కడ చెల్లదు. ప్రేమగా మొదలైన టలివర్ విధేయత పగగా గడ్డకట్టి ఆడపిల్లను బయటికి నెట్టింది. వడ్డీ లెక్కగా కనిపించిన డాడ్సన్ విధేయత ఆమెకు ఒక గది చూపించింది.

రచయిత్రికి ఈ గడప సంగతి బాగా తెలుసు. ఆమె అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్, పెళ్లయిన జార్జ్ హెన్రీ లూయిస్‌తో కలిసి జీవించింది. ఆ సంగతి 1857లో ఉత్తరం రాసి తెలిపినప్పటి నుంచి అన్న ఐజాక్ మాటలు మానేశాడు. మళ్లీ కలం కదిపింది 1880లో, లూయిస్ పోయాక ఆమె జాన్ క్రాస్‌ను చట్టబద్ధంగా పెళ్లాడినప్పుడు. ఆ ఏడాది డిసెంబరులో ఆమె చనిపోయింది. అన్నా చెల్లెళ్ల మధ్య ఇరవై మూడేళ్ల మౌనం అది, నవల దాని తొలి సంవత్సరాల్లో రాసింది. మొదట అనుకున్న పేరు కూడా ‘సిస్టర్ మ్యాగీ’. ఇప్పుడున్న పేరు ప్రచురణకర్త బ్లాక్‌వుడ్ సూచించింది.

నవల చివర వరద వస్తుంది. మ్యాగీ పడవ వేసుకుని మిల్లుకు వెళ్లి టామ్‌ను ఎక్కించుకుంటుంది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మునిగిపోతారు. మూడో సంపుటం తొందరగా ముగిసిందని, మొదటి భాగంలో బాల్యాన్ని ప్రేమగా విస్తరించడం వల్ల చివరికి చోటు చాలలేదని రచయిత్రే తర్వాత ఒప్పుకుంది. చోటు సంగతి అలా ఉంచితే, లెక్క కూడా తేలలేదు. పడవలో టామ్ కళ్లు తెరుచుకోవడానికి ప్రాణం మీదికి రావాలి, చెల్లెలు ప్రాణానికి తెగించాలి. అంతటి ధర కట్టాకే దొరికిన క్షమ అది. మర్నాడు తెల్లవారి ఇద్దరూ బతికుంటే, ఊరి నోళ్లు మళ్లీ మొదలైతే, మిల్లు యజమానిగా టామ్ ఆమెను ఇంట్లో పెట్టుకునేవాడా అన్నది నవల తేల్చలేదు. గ్లెగ్ పెద్దమ్మ ఇస్తానన్న గదికి మాత్రం వరద అవసరం పడలేదు.